నడిచే బావి

మొన్నమొన్నటి దాకా విజయనగరంలో పిలుపుల సందుకి వెళ్ళాలంటే రిక్షావాడు ముందు మీ మొహంలోకి చూసేవాడు. ఎవరింటికని అడిగేవాడు. చివరికి, సందు మొదట్లో దింపేస్తాను, లోపలికి రాననేవాడు. అదీ పగటిపూట మాట.

రాత్రయితే అసలు బేరమే లేదు.

చూడ్డానికి మామూలు సందే. రెండు వైపులా కలిపి పదకొండు పెంకుటిళ్ళు, పక్కన కాలువ. మొదట్లో పసుపు రాసి బొట్లు పెట్టిన రాయి ఒకటి ఉండేది. తాతమ్మ రాయి అంటారు. ఆ రాయికి తూర్పున ఇరవై అడుగుల దూరంలో ఓ ఖాళీ జాగా. అక్కడ పిల్లలు ఆడరు, ఆవుల్ని కట్టరు. దాని కింద మూసేసిన బావి ఉందని అందరికీ తెలుసు. ఎప్పుడో డెబ్భై ఏళ్ళ కిందట తాతమ్మ అనే ఇల్లాలు ఆ బావిలోనే పోయింది.

దీపాలు పెట్టాక ఆ సందులో పిలుపు వినిపించేది...

మగగొంతు. ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆడమనిషికే వినిపిస్తుంది. పేరుపెట్టి పిలుస్తుంది. అచ్చం ఆవిడ మొగుడి గొంతే! తాతమ్మే మొగుళ్ళ గొంతులు పెట్టుకుని పిలుస్తుందని సందువాళ్ళ నమ్మకం. ఒకసారి పిలుస్తుంది. రెండోసారి పిలుస్తుంది. మూడోసారి మాత్రం పిలవదు — పిలవలేదట.

రాత్రిపూట ఎవరైనా మూడుసార్లు పిలిస్తేగానీ పలకొద్దని మన ఇళ్ళల్లోనూ పెద్దవాళ్ళు చెప్తారు. మనం విని నవ్వి ఊరుకుంటాం. ఆ సందులో అది చట్టం. సెకండ్ షో చూసొచ్చిన మొగుడైనా సరే, మూడుసార్లు పిలిచి వానలో నిలబడాల్సిందే. దేముడమ్మ అనే ఆవిడ ఓసారి తొందరపడి రెండో పిలుపుకే బయటికొచ్చింది. వాకిట్లో ఎవరూ లేరు. నలభై రోజులు జ్వరంతో పడుకుంది. ఆ తర్వాత పట్టపగలు పిలిచినా మూడోసారికి గానీ పలికేది కాదు.

ఇలాంటి సందులో మా బావ ఇల్లు అద్దెకి తీసుకున్నాడు.

మా బావ అంటే మా మేనత్త కొడుకు అప్పలనరసింహం. పటాలాఫీసులో ట్రేసరు, పటాలకి నకళ్ళు ఎత్తే పని. పటాలాఫీసన్నది జనం పెట్టిన పేరు. ఊరికి కొత్త పటం గియ్యడానికి అరవై ఎనిమిదిలో తెరిచిన చిన్న కచేరీ అది. పాత పటాలూ రిజిస్టర్లూ తిరగేసి, ఏ వీధి ఎప్పుడు పుట్టిందో, ఏ కుంట ఎప్పుడు పూడిందో వెతికి, కొత్త పటంలోకి ఎక్కించడం వాళ్ళ పని. బావకి ఆ పనంటే పిచ్చి. పటంలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అన్నం గిన్నె ఎక్కడుందో చెప్పాలన్నా తూర్పూ పడమరా అనే రకం.

జగదాంబ, అంటే బావ భార్య, వరసకి నాకు చెల్లెలు, ఆ సందు పేరు వినగానే రానని మొండికేసింది. బావ ముప్పై నాలుగులో గీసిన పటం తెచ్చి ఆవిడ ముందు పరిచాడు.

"ఇదిగో, బావి ఇక్కడ, సందు మొదట్లో. మనిల్లు అదిగో, ఆ చివర. మధ్యన నూట ముప్పై అడుగులు. ఆ ఇల్లు కట్టినోళ్ళు కూడా పటం చూసుకునే కట్టారు. ఇంకా భయమేటి నీకు?"

పటం ముందు ఆవిడేం మాట్లాడుతుంది? పురిటికి చీపురుపల్లి వెళ్ళింది. మూడో నెల పిల్లని ఎత్తుకుని ఆ ఇంటికే తిరిగొచ్చింది.

వచ్చిన వారానికి వాన పట్టుకుంది.

కార్తీక మాసం. మూడు రోజులు తెరిపి లేదు. మూడో రాత్రి బావ ఆఫీసులోనే ఉండిపోయాడు. పొద్దున్న రైలుకి పటం హైదరాబాదు పంపాలి. అంతా సిద్ధమైంది అనుకున్న వేళ సాయంత్రం ఓ రేకు గొట్టం వచ్చింది. జమీందారీ కాలం నాటి పెట్టెలో దొరికిందట. అందులో ఎనభై ఎనిమిదో సంవత్సరపు పటం — పద్దెనిమిది వందల ఎనభై ఎనిమిది! అంత పాత పటం బావ ఎన్నడూ చూడలేదు. చూడకుండా ఇంటికెలా వెళ్తాడు?

ఆఫీసుకి రాత్రి కాపలా జగన్నాధం. డెబ్భై ఏళ్ళుంటాయి. ఒకప్పుడు సర్వేవాళ్ళ వెంట కొలత గొలుసు పట్టి తిరిగినవాడు. తొమ్మిదింటికి టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. పటం మీద బావ వేలు ఏ సందు మీదుందో చూశాడు.

"ఆ పిలిసేది తాతమ్మ కాదు బాబూ..."

బావ తలెత్తాడు. "మరెవరు?"

"దాని మొగుడు. రాముడని, బండి తోలేవోడు. మాయమ్మ సెప్పేది. బావి గట్టునే ఆళ్ళ గుడిసె. ఇలాటి వానే. రాత్రికాడ ఆడు బండి తోలుకొస్తన్నాడు. మెరుపులో సూస్తే ఏటున్నాది? గట్టు జారిపోతన్నాది! 'తాతమ్మా' అని కేకేసినాడు. మళ్ళీ కేకేసినాడు."

"ఆవిడకి వినపళ్ళేదా?"

"ఇనపడింది. లోపల దీపం పెద్దది సేసింది — ఆడు సూసినాడు. మూడో పిలుపు కోసం కాసుక్కూకుంది, పిచ్చి తల్లి. ఆడికి మూడోది పిలవడానికి గొంతు రానేదు. గుడిసె గుడిసంతా బావిలోకి ఎలిపోనాది." జగన్నాధం ఖాళీ గ్లాసు తీసుకున్నాడు. "ఆడూ ఆ ఏడే పోనాడు. అందుకే బాబూ, రెండే పిలుపులు."

బావ నవ్వేశాడు. నవ్వాననే చెప్పాడు నాతో. కానీ ఆ ముసలాయన వెళ్ళాక లేచి కిటికీ మూశానని కూడా చెప్పాడు.

ట్రేసర్లకి ఓ గాజు బల్ల ఉంటుంది. కింద బల్బు వెలుగుతుంటే, పైన పల్చటి గుడ్డ మీద గీసిన పటాలు ఒకదాని మీద ఒకటి పరుస్తారు. అప్పుడు పాత ఊరూ కొత్త ఊరూ ఒకేసారి కనిపిస్తాయి. బావ ముందు ముప్పై నాలుగు పటం పరిచాడు. దాని మీద పందొమ్మిది వందల పదకొండులో గీసింది. దాని మీద, రాత్రి పదకొండు దాకా కూచుని, ఎనభై ఎనిమిది పటంలో ఆ పేట వరకూ ఎత్తి గీసుకున్న గుడ్డ.

కోట గోడ కోట గోడ మీద పడింది. గంటస్తంభం గంటస్తంభం మీద పడింది. అన్నీ చక్కగా కుదిరాయి.

ఒక్కటి తప్ప.

పిలుపుల సందులో బావి గుర్తు ఒక చిన్న సున్నా. అక్కడ ఒక సున్నా కాదు... మూడు సున్నాలు.

బావ భూతద్దం తీశాడు. ముప్పై నాలుగులో బావి సందు మొదట ఉంది. పదకొండులో సందు మధ్యన. ఎనభై ఎనిమిదిలో... సందు చివర. గుడ్డ జారిందేమో అనుకున్నాడు. సరిచేశాడు. కోట గోడ మళ్ళీ కోట గోడ మీదే పడింది. సున్నాలు మూడూ అలాగే ఉన్నాయి, వరసగా, ఎవరో చీకట్లో నడిచెళ్ళిన అడుగుల్లాగా.

బావి నడుస్తోంది.

ఇరవై ఏళ్ళకోసారి లేచి నాలుగడుగులు వేసే బావి! ఎక్కణ్ణుంచి బయల్దేరింది? కొత్త పటం గుడ్డ తెచ్చి పైన పరిచాడు. దాని మీద ఇవాళ్టి ఇళ్ళన్నీ ఉన్నాయి. ఎనభై ఎనిమిది నాటి సున్నా ఏ ఇంటి మీద పడిందో చూశాడు. మళ్ళీ చూశాడు.

తన ఇల్లు. నడిమి గది.

పిల్లని పక్కలో వేసుకుని జగదాంబ పడుకునే గది.

పోనీలే, అక్కణ్ణుంచి నడిచి దూరంగా వెళ్ళిపోయింది కదా... అని తనకి తాను చెప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. గాజు కింద వెలుగు ఆరిపోయింది. ఊరూ, కోటా, సున్నాలూ అన్నీ చీకట్లో కలిసిపోయాయి. వాన చప్పుడొక్కటే మిగిలింది.

వసారాలో అడుగులు... తలుపు దగ్గర లాంతరు.

"ఏటి బాబూ, అలా నిలబడిపోనావు?"

"జగన్నాధం..." బావ లాంతరు వైపు తిరిగాడు. "బావి నడుస్తుందా?"

"బావి నడవడమేటి బాబూ?" ముసలాయన లాంతరు బల్ల మీద పెట్టాడు. "రాయి నడిసింది."

"ఏ రాయి?"

"తాతమ్మ రాయి. అది సర్వేవోళ్ళు పాతిన రాయే కదా. పసుపు కడిగి సూడు, నెత్తిన బాణం గుర్తుంటాది. తాతమ్మ పోయాక దానికే మొక్కినాం. ముందు సందు సివర ఉండేది. బళ్ళకి అడ్డొస్తన్నాదని డప్పులెట్టి మధ్యకి తెచ్చినారు. అప్పుడు నేను మాయయ్య బుజాల మీదున్నాను. ముప్పై రెండులో మళ్ళీ మొదటికి తెచ్చినాం. అప్పుడు నేనూ ఓ సెయ్యేసినాను."

బావ బల్ల అంచు పట్టుకున్నాడు. "ముప్పై నాలుగు సర్వేకి గొలుసు పట్టింది నువ్వే కదా?"

"నేనే."

"రాయి జరిపామని చెప్పలేదా?"

జగన్నాధం నొచ్చుకున్నాడు. "అమ్మోరు ఎక్కడ కూకుంటే అదే ఆయమ్మ సోటు బాబూ. జరిపినామని నోటితో అంటామేటి? సర్వే బాబు రాయెక్కడన్నాడు, సూపించినాను. బావి మూసేసున్నాది, కంటికి అగుపడదు. పాత రిజిస్టర్లో రాయికి తూరుపున ఇరవై అడుగులని రాసున్నాది. ఆయన అక్కణ్ణుంచే కొలిపించి గీసుకున్నాడు. అంతకు ముందోళ్ళూ అంతే."

బావ ఆ రిజిస్టరు తెరిచాడు. లాంతరు వెలుగులో ఆ పాత అక్షరాలు చదివాడు. తొంభై ఆరు. గట్టు కూలి ఒక స్త్రీ మరణం. తాటిదూలాలు అడ్డంగా పరచి, మన్ను కప్పి, బావి మూయడమైనది.

తాటిదూలాలు. డెబ్భై రెండేళ్ళు. మూడు రోజుల వాన.

బావి ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. మొదట ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది... దాని మీద పటం చూసుకుని ఎవరో ఇల్లు కట్టారు. పటం చూపించి తనే పెళ్ళాన్నీ పిల్లనీ తెచ్చి దాని మీద పడుకోబెట్టాడు.

గొడుగు కూడా తీసుకోకుండా బావ పరుగెత్తాడు.

ఇక్కణ్ణుంచి జగదాంబ చెప్పాలి. లోపల ఉన్నది తనే. నాకు చెప్పేటప్పుడు కూడా చేతిలో పిల్లని కిందికి దించలేదు.

ఆ రాత్రి పడుకున్న చాప కింద ఏదో చప్పుడు. గుడ... గుడ... కాలువేమో అనుకుంది. కాసేపటికి పక్కనున్న మంచినీళ్ళ చెంబు దానంతట అదే ఒరిగింది. నీళ్ళు ఒలికి, గుమ్మం వైపు పారకుండా గది మధ్యకి పారాయి. జగదాంబ ఆ నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. పిల్ల నిద్దరోతోంది.

అప్పుడు వినపడింది.

"జగదాంబా..."

దూరంగా. వానలోంచి. మొగుడి గొంతే.

పిల్లని గుండెకి అదుముకుని లాంతరు వత్తి పెద్దది చేసింది. పలకలేదు. ఇంకా రెండున్నాయి, ఆయనైతే పిలుస్తాడు అనుకుంది.

"జగదాంబా... బయటికి రా! పిల్లని తీసుకుని బయటికొచ్చెయ్!"

"తలుపు తియ్యమని కదా ఆయన అనేది, అన్నియ్యా!" అంది నాతో. "ఏనాడైనా ఇంట్లోకి వస్తానంటాడు గానీ, నన్ను బయటికి రమ్మంటాడేటి? అదీ పసిదాన్ని తీసుకుని... ఇది ఆయన కాదు, అదే అనుకున్నాను."

గోడ దగ్గరికి జరిగి కూచుంది. మూడోది రాలేదు.

వాన. కాలువ. చాప కింద గుడగుడ... మూడోది రాలేదు. ఇక రాదు. దేముడికి మొక్కుకుంది. పిల్ల చెవులు మూసింది. ఎంతసేపో తెలీదు. లాంతరు వెలుగులో గది మధ్యన సన్నటి గీత ఒకటి కనిపించింది. అంతకు ముందు ఆ గీత లేదు. గచ్చు మీద వెంట్రుకంత గీత... చూస్తుండగానే అది గోడ దాకా సాగింది.

"జగదాంబా..."

మూడో పిలుపు.

గట్టిగా కాదు. తలుపు అవతలే నిలబడి, చెవి దగ్గర చెప్పినట్టు. ఆ గొంతులో తొందర లేదు. అంత దయగా తన మొగుడు ఏనాడూ పిలవలేదంది. గడియ తీసింది.

గుమ్మంలో ఎవరూ లేరు.

పిల్లనీ లాంతరునీ పట్టుకుని మెట్లు దిగింది. "ఏటండీ... ఎక్కడున్నారు?" వానలో లాంతరు పైకెత్తింది. పన్నెండు అడుగుల అవతల, కాలువలో సగం మునిగి, బావ బోర్లా పడున్నాడు.

ఆయన దగ్గరికి ఆరడుగులు వేసింది. వెనక చప్పుడైంది. పెద్ద చప్పుడేం కాదు, ధాన్యం బస్తా నీళ్ళల్లోకి వదిలినట్టు. తిరిగి చూస్తే ఇంటి నడుమ పెంకులు లోపలికి జారిపోతున్నాయి. గోడ వంగింది. తలుపు, ఇప్పుడే తను తీసిన తలుపు, లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత అడుగున ఎక్కడో నీళ్ళు పలికాయి.

తెల్లవారి సందంతా చేరింది. గది ఉన్నచోట గుండ్రంగా ఇటుకల బావి ఒర కనిపించింది. కాలు విరిగి చెక్క కట్టుకున్న బావ పట్టు పట్టి మంచం మీదే అక్కడికి మోయించుకున్నాడు. గొలుసు వేయించి కొలిపించాడు. ఎనభై ఎనిమిది పటంలో సున్నా ఎక్కడుందో సరిగ్గా అక్కడే. కొత్త పటం రెండు రోజులు ఆలస్యంగా రైలెక్కింది. బావి మాత్రం అందులో దాని చోట అది ఉంది. జగన్నాధం కన్నీళ్ళు పెట్టుకుని, ఊళ్ళో డప్పులన్నీ పిలిపించి, తాతమ్మ రాయిని మళ్ళీ సందు చివరికి మోయించాడు. ఈసారి ఎక్కడ పాతాలో బావ కొలిచి చూపించాడు.

ఆ తర్వాత ఆ సందులో ఏ ఆడమనిషికీ పిలుపు వినపడలేదట. దేముడమ్మ ఇప్పుడు మొదటి పిలుపుకే పలుకుతోంది. పిలవకపోయినా పలుకుతోందని గిట్టనివాళ్ళు అంటారు.

ఇదంతా నేను సంక్రాంతి వెళ్ళాక రాజాం నుంచి వాళ్ళని చూడ్డానికి వెళ్ళినప్పుడు విన్నాను. అప్పటికి ఇల్లు మారారు. భోజనాల దగ్గర జగదాంబ బావని ఏడిపిస్తోంది.

"ఆ మూడో పిలుపు పిలిచినట్టు మళ్ళీ ఒక్కసారి పిలవండని అడుగుతన్నాను అన్నియ్యా. పిలవడు. కాలు విరిగితే గానీ ప్రేమ రాదేమో మీ బావకి!"

నేను నవ్వాను. బావ నవ్వలేదు. కంచంలోంచి తలెత్తలేదు.

రాత్రి అరుగు మీద పక్కలేసుకున్నాం. లోపల దీపం ఆరింది. నాకు కన్ను మూతపడుతుండగా బావ గుసగుసగా అన్నాడు —

"ఒరే... నేను రెండుసార్లే పిలిచాన్రా."

లేచి కూచున్నాను.

"రెండో పిలుపుతో కాలు జారింది. కాలువ రాయి గుండెకి కొట్టుకుంది. ఊపిరి లేదు. నోరు తెరిస్తే నీళ్ళు. ఎదురుగా కిటికీలో దీపం పెద్దదై ఉంది... జగన్నాధం చెప్పిందే కళ్ళ ముందు. అది మూడో పిలుపు కోసం కూచుంది, నాకు గొంతు రాదు. చచ్చిపోతుందిరా, నా పటం వల్ల చచ్చిపోతుంది అనుకున్నాను. ఏడుద్దామన్నా రాలేదు."

"మరి..."

"నా పక్కనుంచి ఎవరో నడిచెళ్ళారు. నీళ్ళు కదిలాయి. మనిషి కనపళ్ళేదు. నా ఇంటి మెట్టు దగ్గర ఆగి, పిలిచాడు."

వీధిలో కుక్క కూడా మొరగడం లేదు. నాకు నా గొంతే వినపడనంత మెల్లగా అడిగాను.

"నీ గొంతుతోనా? జగదాంబా అనా?"

"దానికి అలా వినపడింది." బావ దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు. "నాకు వేరే మనిషి గొంతు వినపడింది. ఎడ్లని అదిలించి అదిలించి అరిగిపోయిన గొంతు. తాతమ్మా... అని పిలిచాడురా."